గీత పడని పలక

నేను ఒక నల్లటి పలకను. బలపం పట్టే పలకను కాను. కంప్యూటర్ పక్కన పెట్టుకుని, నాతో వచ్చిన పెన్నుతో గీసే పలకను. డ్రాయింగ్ ట్యాబ్లెట్ అంటారు. నా మీద గీసిన గీత నా మీద కనపడదు, ఎదురుగా ఉన్న తెర మీద కనపడుతుంది. అందుకని నన్ను వాడే మనిషి నా వంక చూడడు. చేయి నా మీద, చూపు తెర మీద. చేతి కింద ఏముందో చూడకుండా బతకడం మనుషులకు నేను నేర్పిన విద్యేమీ కాదు. నేను పుట్టకముందు నుంచీ వాళ్లకది ఉన్నదే.

నాకు కళ్లు లేవు. పెన్ను ఎక్కడ ఆనిందో, ఎంత బరువుగా ఆనిందో తెలుస్తుంది. మిగతాదంతా వాళ్ల మాటలు విని తెలుసుకుంటాను. మాటలకు ఏనాడూ కరువు రాలేదు.

పుట్టింది ఎక్కడో దూరదేశంలో, పెద్ద రేకుల షెడ్డులో. నాతోపాటు పుట్టినవి నా పక్కనే వరసగా ఉండేవి. ఒక్కోదాన్ని ఒక్కో అట్టపెట్టెలో వేసి మూత వేశారు. అంతే, మళ్లీ కలిసింది లేదు. పుట్టిన పూటే విడిపోవడం మా జాతికి మామూలు. మేం దాని కోసం ఏడవం, భోజనాలూ పెట్టం.

నన్ను ఎంచుకున్న తీరు చెప్పాలి. అది విజయవాడలో ఒక దుకాణం. వచ్చినాయన పేరు శేషగిరి, చీరాలలో ఫోటో స్టూడియో యజమాని. వెంట అనసూయ అనే ఆవిడ. ఆ స్టూడియోలో ఫోటోలు సరిదిద్దే పనంతా ఆవిడది. మౌసు పట్టుకుని పట్టుకుని మణికట్టు వాచిపోతే, ఇక తప్పదని పలక కొనడానికి తీసుకొచ్చాడు.

"వీటిల్లో పెద్దది ఏది?" అన్నాడు శేషగిరి గడప దాటుతూనే.

"ఫోటోల పనికి చిన్నది చాలు సార్. మణికట్టు తిప్పితే సరిపోద్ది. పెద్దదయితే భుజం మొత్తం ఆడించాలి," అన్నాడు దుకాణం మనిషి.

అనసూయ అప్పటికే చిన్నదాని మీద చేయి పెట్టి చూసుకుంటోంది. "ఇది చేతికి బాగా ఒదిగిందండీ," అంది.

"నీ చేతికి ఒదిగితే సరిపోద్దా? వచ్చినోళ్ల కంటికి ఆనొద్దూ? చిన్నది పెట్టుకుంటే చపాతీలు చేసుకునే పీట అనుకుంటారు."

ఆ తర్వాత ఆయన అడిగిన ప్రశ్నలు నాకింకా గుర్తే. లైట్లు వెలుగుతాయా? నలుపు కాక వేరే రంగు ఉందా? సంచి ఇస్తారా? పెన్ను తేలికా బరువా అని అడగలేదు. అది పెట్టే బల్ల ఎంతుందో ఇంటి దగ్గర కొలిచి రాలేదు. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు పిల్ల రంగు, పొడవు, వెంట తెచ్చేవీ అడిగి లేచిపోతారు చూడండి, అచ్చం అలాగే. చివరికి నా ఒంటి మీద గోరుతో గీకి, "గీతలు పడతాయా?" అన్నాడు.

"మేకు పెట్టి గీకినా పడవు సార్. నాది గ్యారంటీ."

ఆ మాటతో బేరం కుదిరింది. నన్ను, అన్నిటికన్నా పెద్దదాన్ని, ఎత్తుకుపోయారు.

స్టూడియోలో బల్ల మీద నేను పట్టలేదు. అటు జరిపితే కీబోర్డు కింద పడుతుంది, ఇటు జరిపితే నేను పడతాను. రెండు పూటలు కుస్తీ పట్టి, అనసూయ నన్ను ఒళ్లో పెట్టుకుంది. అప్పటినుంచీ నా చోటు అదే. శేషగిరి మాత్రం వచ్చిన ప్రతివాళ్లకీ నన్ను చూపించి, "విజయవాడ నుంచి తెప్పించాం, ఈ చుట్టుపక్కల ఎవరి దగ్గరా లేదు," అనేవాడు. పెన్ను మొనలు అరిగిపోతాయని నాతోపాటు పెట్టెలో విడి మొనలు వచ్చాయి. వాటిని సొరుగులో పెట్టి తాళం వేశాడు. వాడితే అయిపోతాయట. అరిగిన మొనతోనే ఆవిడ లాక్కొచ్చింది. ఆ మొన ఒక పక్కకి అరిగి అరిగి ఉలిలా తయారయింది.

ఇక నా మీద జరిగిన పని. చెరపడం. పెళ్లికూతుళ్ల మొటిమలు, పెళ్లికొడుకుల నల్లదనం, మేనమామల పొట్టలు, అత్తగార్ల చికాకు. ఇన్ని ముఖాలు నా మీదుగా పోయాయి, తన ముఖం తనకిమ్మని అడిగినవాడు ఒక్కడు లేడు. చనిపోయినవాళ్ల సంగతి ఇంకా వింత. బతికున్నన్నాళ్లూ లుంగీ, బనీను తప్ప ఎరగని మనిషికి పోయాక నీలం కోటు తొడుగుతారు. కంప్యూటర్‌లో కోటున్న మొండెం ఒకటి సిద్ధంగా ఉంటుంది, తల మారుస్తారు. ఆ ఊళ్లో గోడల మీదున్న పెద్దమనుషులందరిదీ ఒకటే కోటు, ఒకటే మడత. ఎవరూ కనిపెట్టలేదు. దండ అడ్డం వస్తుంది కదా.

అలాంటి రోజుల్లో నాగభూషణం వచ్చాడు. చీరల వ్యాపారి. వాళ్లక్క భ్రమరాంబ పోయింది. పెళ్లి లేదు, తమ్ముడింట్లోనే మగ్గం గుంటలో కూర్చుని నేసుకుంటూ బతికింది. పెద్దకర్మకి ఫోటో కావాలి. ఉన్నది ఒక్కటే, నాగభూషణం కూతురి ఓణీల ఫంక్షన్‌లో అందరూ నిలబడి తీయించుకున్నది. అందులో ఆవిడ చివరన, పక్కకి తిరిగి ఉంది.

"ఎడమ వైపు ముఖం పక్కావిడ భుజం వెనక్కి పోయిందండీ," అంది అనసూయ.

"పోతే పోయిందిలే అమ్మా. కుడి వైపుదే తిప్పి ఇటు అతికించండి. అట్టా చేస్తారంటగా. అదే మంచిది."

"ఎందుకు మంచిది?" అన్నాడు శేషగిరి.

నాగభూషణం గొంతు తగ్గించాడు. "ఎడమ చెంప మీద బొల్లి మచ్చండీ. చిన్నప్పటినుంచీ ఉంది. మా అమ్మాయికి సంబంధాలు చూస్తన్నాం. వచ్చినోళ్లు కుర్చీలో కూర్చోకముందే గోడల వంక చూస్తారు. వంశంలో ఉందనుకుంటే కాఫీ కూడా ముట్టరు."

బొల్లి ఒకరి నుంచి ఒకరికి అంటదు. అంటేది భయం. అది ఆ ఇంట్లో అందరికీ అంటింది.

అనసూయ చెప్పింది చెప్పినట్టు చేసింది. కుడి సగాన్ని తిప్పి ఎడమకి అతికించింది. నున్నటి ముఖం వచ్చింది. దానితోపాటు కుడి ముక్కుకున్న పుడక ఎడమ ముక్కుకి కూడా వచ్చింది. ఎవరూ గమనించలేదు. నాగభూషణం చూసి, "మా అక్క ఇంత కళగా ఉండేదని ఇప్పుడు తెలుస్తంది," అని కళ్లు తుడుచుకున్నాడు. అన్నేళ్లు ఒకే ఇంట్లో ఉన్న మనిషి అందం సగం ముఖం తీసేశాక కనపడింది ఆయనకి.

ఫ్రేము కట్టకముందు నాగభూషణం చెల్లెలు తిరుపతమ్మ వచ్చింది. వేటపాలెంలో జీడిపప్పు వలిచే పనికి పోతుంది. తెర దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఇదెవరు?" అంది.

"మీ అక్కగారేనమ్మా," అంది అనసూయ.

"మా అక్కకి రెండు ముక్కుపుడకలు ఎక్కడియ్యి? ఒక్కటే కష్టంగా చేయించుకుంది."

"అరెరె, రెండోది తీసేద్దాం, ఎంతసేపు," అన్నాడు శేషగిరి.

"అది తీసి, మచ్చ పెట్టండి."

శేషగిరి ఒప్పుకోలేదు. మీ అన్నగారు వద్దన్నారన్నాడు. అమ్మాయి పెళ్లి మాట ఎత్తాడు. తిరుపతమ్మ అరవలేదు. "మా అన్నది మా అన్నకియ్యండి, నాకు అడ్డం లేదు. నాకు వేరేది చెయ్యండి. రేపు పెద్దకర్మలో దాని ముందు కూర్చుని నేను ఏడవాలి. ఈవిణ్ణి చూసి ఎవరనుకుని ఏడవను?"

అనసూయ అందుకుంది, "అమ్మా, ఏమీ అనుకోకు. ఆవిడే దాచుకుంది గదా. ఫోటోలో కూడా పక్కకి తిరిగింది. మనం ఇప్పుడు బయటపెట్టటం పద్ధతేనా?"

"ఫోటో తీసేవాడి దగ్గర దాచుకుంది. నా దగ్గర దాచుకుందా? మచ్చ పోవాలని బావంచి నూనె రాసి ఎండలో కూర్చోబెట్టింది నేనే గదా. అక్క అద్దం చూసుకునేది కాదు. ఆ మచ్చ ఆమెకన్నా నేనే ఎక్కువ చూశా."

"అది ఎట్టా ఉంటదో నాకు తెలవదు గదమ్మా."

"నాకు తెలుసు. ఇటివ్వు."

అలా పెన్ను ఆవిడ చేతికొచ్చింది. అనసూయ తెర మీద ముఖాన్ని పెంచి పెంచి, పైకి కనపడకపోయినా నా నిండా పరిచింది. మనిషి ముఖం ఉన్నంత ముఖం. ఇన్నాళ్లకు నా పెద్దతనం దేనికైనా పనికొచ్చిందంటే అప్పుడే. తిరుపతమ్మకి తెర వంక చూస్తూ ఇక్కడ గీయడం చేతకాలేదు. పెన్ను ఎటో పోతోంది. "ఎక్కడో చూసి ఎక్కడో రాయటం నా వల్ల కాదు," అని నా వంకే చూసింది. అనసూయ చేయి పట్టి కంటి కొస దగ్గర ఆనించింది. అక్కడినుంచి ఆవిడదే.

అప్పటికి ఎన్ని ముఖాలు నా మీద తుడిచారో, ఎవరూ అలా రాయలేదు. కంటి కొసన మొదలై, చెంప మీదికి దిగి, చెవి తమ్మె దగ్గర వంపు తిరిగి, మళ్లీ పైకి. జీడిగింజ ఆకారం. గీయడం కాదు అది, నూనె రాయడం. వేలు ఎక్కడ ఆగేదో పెన్ను అక్కడ ఆగింది. చుట్టు పూర్తయ్యాక మళ్లీ అదే చుట్టు, ఇంకా బరువుగా. ఉలిలా అరిగిన మొన నా ఒంట్లోకి దిగింది. నాకు తెలిసిన మొదటి నొప్పి అది. రెండో పక్క ముక్కుపుడక తీసేసి, ఆ చుట్టు లోపల అనసూయ మెల్లగా తెలుపు నింపింది.

"ఆఁ, ఇప్పుడొచ్చింది," అంది తిరుపతమ్మ. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అక్కడే కూలబడి ఏడ్చింది. అనసూయ లేచి తలుపు దగ్గరగా వేసింది.

శేషగిరికి వేరే ఏడుపు. నా మీద వేలు పెట్టి తడిమి, "గీత పడిందేంది? మేకు పెట్టినా పడదన్నాడే వాడు," అన్నాడు. తాళం వేసిన మొనలు ఆయనకి గుర్తు రాలేదు.

పెద్దకర్మకి పోయొచ్చి అనసూయ చెప్పింది. పీట మీద నున్నటి ఫోటో పెట్టారట. వీధిలో ముసలావిడ పువ్వు పట్టుకుని వచ్చి, "ఈమె ఎవరు తల్లీ, భ్రమరం ఫోటో ఏది?" అని అడిగిందట. తిరుపతమ్మ సంచిలోంచి తనది తీయబోతే నాగభూషణం చేయి అడ్డం పెట్టాడట. "నీది నీ ఇంట్లో పెట్టుకో. నా కూతురి గొంతు కొయ్యబాక." తిరుపతమ్మ విస్తరి ముందునుంచి లేచి వెళ్లిపోయిందట. అన్నాచెల్లెళ్ల మాటలు ఆ రోజుతో సరి. ఒకరు పోతే ఏడవడానికి కూడిన మనుషులు మరొకర్ని పోగొట్టుకుని ఇళ్లకు వెళ్లారు. ఇంత తెలివి నాకు లేనందుకు సంతోషిస్తాను.

తర్వాత నా రోజులు తగ్గాయి. ఫోన్‌లోనే అందరూ తమ ముఖాలు తాము చెరుపుకోవడం నేర్చారు. మిగిలిన పనికి చిన్న పలక వచ్చింది, అనసూయ మొదట చేయి పెట్టిన రకందే. నన్ను అమ్మబోతే పాత సామాన్లు కొనేవాడు వెలుగులో వంచి చూసి, "గీత పడింది, ఎవరూ తీసుకోరు," అన్నాడు. విరిగిన ఫ్రేముల మీద, కౌంటర్ కింద పడేశారు.

నాగభూషణం మళ్లీ వచ్చింది అప్పుడే. కూతురి పెళ్లయిపోయింది. ఆయన కూర్చోలేదు. చంకలో గుడ్డ చుట్టిన ఫ్రేము.

"ఆ రోజు మా చెల్లెలు చేయించుకుంది చూడు, రెండోది. అది ఉందామ్మా?"

"అన్నీ తుడిచేశామండీ. కంప్యూటర్ నిండిపోతే," అన్నాడు శేషగిరి. "మీ చెల్లెల్నడిగితే ఇస్తుందిగా."

"అడగటానికి ముఖం చెల్లట్లేదు." ఫ్రేము గుడ్డ విప్పుతూ అన్నాడు. "రోజూ దీపం పెడతన్నా. ఎవరో పరాయామెకి పెట్టినట్టుంటంది. నాలుగిళ్లవతల ఆడమనిషిని తెచ్చి గోడకి తగిలించుకున్నట్టు. ఇంట్లో ఒక్కణ్ణే ఉంటే ఆ ముఖం వంక చూడలేకపోతన్నా."

పెళ్లి గండం గట్టెక్కాక పుట్టిన ప్రేమ. దానికి విలువెంతో మీరే కట్టుకోండి, నేను కట్టను.

అనసూయ కౌంటర్ కిందికి వంగింది. ఫ్రేముల మీదనుంచి నన్ను లాగి, కొంగుతో దుమ్ము తుడిచింది. తీగ తగిలించింది. నాగభూషణం తెచ్చిన ఫోటోని కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఒక ముక్కుపుడక తీసేసి, ముఖాన్ని నా నిండా పరిచింది. కంటి కొస నా గీత మొదలైన చోటికి వచ్చేదాకా అటూ ఇటూ జరిపింది. పెన్ను మొనని గాడిలో పెట్టింది. ఇక ఆవిడ చేయి పోవాల్సిన దారి నేను చూపించాను. కంటి కొస, చెంప, చెవి తమ్మె దగ్గర వంపు.

"కొంచెం ఆగమ్మా," అన్నాడు నాగభూషణం. వంగి, వేలితో గాడి వెంబడి మెల్లగా రాశాడు. ఆ వేలు ఎక్కడా తడబడలేదు. ఆ దారి ఆయనకీ తెలుసు. ఇన్నేళ్లూ తెలుసు.

"అదే," అన్నాడు. "ఇది పట్టుకుని ముందు వేటపాలెం పోతా. మా చెల్లెలు చూసి సరేనంటే గోడకి పెడతా."

పోయాడో లేదో నాకు తెలీదు. స్టూడియోల్లో మనుషులనే మాటలు గడప దాటి ఎంత దూరం నడుస్తాయో నాకు పూచీ లేదు. నన్ను మళ్లీ ఫ్రేముల మీదే పెట్టారు. వేలకొద్దీ ముఖాలు నా మీద తుడిచారు, ఒక్కటీ మిగల్లేదు. మిగలకూడదన్న ఆ ఒక్క మచ్చే ఉంది. నాగభూషణం వేలు పెట్టిన ఆ పూట తెర మీద అంత వెలుగున్నా, ఆయనా అనసూయా తెర వంక చూడలేదు. తలలు వంచి నన్నే చూశారు.