నోవైలో క్యాంపు రాజకీయం

కోటయ్య బుద్ధెరిగిన నాటినుంచీ ప్రతిపక్షమే. పల్నాడులో వాళ్ల మండలానికి ఏ పార్టీవాడు అధ్యక్షుడైనా, ఎంపీటీసీ కోటయ్య మాత్రం ఎదుటి వరసే. ఒకసారి సొంత పార్టీయే గెలిచింది. గెలిచినవాడి వాలకం నచ్చక ఆర్నెల్లకే వాడి మీదా అవిశ్వాసం పెట్టాడు.

పెట్టిన ప్రతి అవిశ్వాసమూ వీగిపోయింది. అవతలివాళ్లు ఎత్తుకుపోకుండా తన వైపు సభ్యులను క్యాంపుకని తీసుకెళ్లి దాచేవాడు. శ్రీశైలం సత్రంలో దాస్తే ఒకడు చుట్టలు కొనుక్కొస్తానని వెళ్లి అధ్యక్షుడి కారెక్కాడు. సూర్యలంకలో దాస్తే క్యాంపు వంటవాడే అవతలివాళ్ల మనిషని తేలింది. ఓటింగు నాటికి ఎవడో ఒకడు జారిపోవడం, కోటయ్య తువ్వాలు దులుపుకుని ఇంటికి రావడం మామూలైపోయింది.

"చచ్చేలోగా ఒక్కణ్ణన్నా దించాలే, కృష్ణవేణీ" అనేవాడు భార్యతో. ఆమె ఊఁ కొట్టేది కాదు.

ఇప్పుడు కొడుకు హర్షవర్ధన్ దగ్గరికి, మిషిగన్‌లోని నోవైకి ఇద్దరూ వచ్చి ఉన్నారు. బయట మోకాలెత్తు మంచు. ఆదివారం మధ్యాహ్నాలు లైబ్రరీ గదిలో తెలుగు పెద్దల సంఘం కూడుతుంది. మొదటి ఆదివారమే కోటయ్య అక్కడ అధికారం వాసన పట్టాడు.

సంఘానికి అధ్యక్షుడు పద్మనాభం. కాకినాడ కలెక్టరాఫీసులో సూపరింటెండెంటుగా రిటైరై, కూతురి దగ్గర స్థిరపడ్డాడు. గ్రీన్‌కార్డు మనిషి. మైకు పట్టుకున్నాడంటే లైబ్రరీవాళ్లు లైట్లార్పేదాకా వదలడు. తను ఊరూరా శిస్తు లెక్కలు తనిఖీ చేసిన జమాబందీలు, తను రాసిన నోట్ ఫైళ్లు, తనను మెచ్చుకున్న కలెక్టర్లు. తక్కినవాళ్ల పని చప్పట్లు కొట్టడం.

"ఇన్నేళ్లుగా ఇతన్ని ఎవరూ ఏమీ అనలేదా?" అని కోటయ్య పక్కనున్న విజయశ్రీని అడిగాడు. ఆమె కరీంనగర్ మనిషి, టీచరుగా చేసింది.

"ఎవలంటరన్నా? మనం ఆర్నెల్ల వీసా మందిమి. ఈయన సంగతి సమజయ్యేసరికి మనకు రిటర్న్ టికెట్ వస్తది. మల్ల కొత్తోళ్లు వస్తరు, కొత్తగ చప్పట్లు కొడ్తరు."

ప్రతిపక్షానికి వీసా అయిపోయి అధికారం నిలబడటం కోటయ్య ఎక్కడా చూడలేదు. ఆయన టికెట్ కూడా వచ్చే నెలకే.

సంఘం నిబంధనలు పద్మనాభమే రాశాడు. పాత అలవాటు కొద్దీ పంచాయతీ చట్టంలోంచి అవిశ్వాసం ముక్క కూడా ఎత్తి రాశాడు, ఎవరు చదువుతారులే అని. కోటయ్య చదివాడు. మరుసటి ఆదివారం పద్మనాభం జమాబందీ కథ మధ్యలో లేచి నిలబడ్డాడు.

"ఏంటండీ, బాత్రూమా? అటు కుడివైపు" అన్నాడు పద్మనాభం.

"బాత్రూము కాదు. నీ మీద అవిశ్వాసం."

ఎవరో వినికిడి మిషను సరిచేసుకున్నారు.

"ఇదేమన్నా జిల్లా పరిషత్తా అండీ? చూడండి కోటయ్య గారూ, మనం ఇక్కడ కాలక్షేపానికి..."

"మూడొంతుల్లో రెండొంతులు కావాలని నువ్వే రాశావు. వచ్చే ఆదివారం చేతులెత్తిద్దాం."

ఆ సాయంత్రమే పద్మనాభం రంగంలోకి దిగాడు. విజయశ్రీకి ఫోన్ చేసి కార్యదర్శి పదవిస్తానన్నాడు. ఇంకొకాయనకు పది నిమిషాలు మైకిస్తానన్నాడు. ఆ కబురు విన్న కోటయ్యకు ఒళ్లు పులకరించింది. మళ్లీ మనుషులు జారే కాలం వచ్చింది. ఈసారి జారనివ్వకూడదు.

"క్యాంపు పెడదాం" అన్నాడు.

"ఎక్కడ?" అంది కృష్ణవేణి.

"మన బేస్‌మెంట్‌లో. అబ్బాయీ కోడలూ శుక్రవారం పొద్దున్నే ఫ్లోరిడా పోతున్నారు గదా."

ఊళ్లో అయితే తెల్లారకముందే అద్దాలకు తెరలు కట్టిన బస్సు వచ్చేది. ఇక్కడ కారు నడపడం ఒక్క సభ్యుడికీ రాదు. అందుకని శుక్రవారం మధ్యాహ్నం సభ్యులను వాళ్ల వాళ్ల పిల్లలే తెచ్చి, దుప్పట్లూ బీపీ మాత్రలూ చేతికిచ్చి, గుమ్మం దగ్గర దింపిపోయారు.

"కోటయ్య అంకుల్, మమ్మీకి నైట్ షుగర్ చెక్ చేయండి. పికప్ ఎప్పుడు?" అని అడిగింది విజయశ్రీ కూతురు.

"ఓటింగ్ అయినాక, తల్లీ."

"ఓకే, హ్యావ్ ఫన్!"

కోటయ్య ముఖం చిట్లించుకున్నాడు. క్యాంపును ఫన్ అన్నవాళ్లను ఆయన చూడటం అదే మొదలు. వెంటనే అందరి ఫోన్లూ తీసుకుని ఇడ్లీపాత్రలో పెట్టి మూత వేశాడు. కాసేపటికి ఇడ్లీపాత్ర మోగింది. ఆయన ఫోనే.

"నాన్నా, కెమెరాలో చూస్తున్నా. బేస్‌మెంట్ నిండా జనం! ఎవరు వాళ్లంతా?" ఫ్లోరిడానుంచి హర్షవర్ధన్ అరిచాడు.

"నా సభ్యులురా."

"ఏం సభ్యులు? అమ్మకివ్వు ఫోన్."

కృష్ణవేణి తీసుకుని, "భజనరా" అని పెట్టేసింది.

ఇక ఆ బేస్‌మెంట్‌కు కళ వచ్చింది. పొద్దున పెసరట్లు, మధ్యాహ్నం గుత్తివంకాయ, మధ్యలో పేకాట. మనవల డయపర్లు లేవు, డిష్‌వాషర్ సర్దే పని లేదు. ఎవరి కథ వాళ్లు చెప్పుకున్నారు. విజయశ్రీ బతుకమ్మ పాట ఎత్తుకుంటే మోకాళ్లు నొప్పులన్నవాళ్లే లేచి తిరిగారు. కోటయ్య మాత్రం మెట్ల మీద కూర్చుని, పైకి ఎవరు పోతున్నారో, ఎందుకు పోతున్నారో కనిపెడుతూ ఉన్నాడు.

శనివారం మధ్యాహ్నం బెల్ మోగింది. కోటయ్య తలుపు సందులోంచి చూశాడు. మంకీ క్యాపు మీద మంచు పేరుకుని, పద్మనాభం ఒక్కడే నిలబడి ఉన్నాడు.

"నా మనుషుల్ని లాక్కుపోవడానికి వచ్చావు" అన్నాడు కోటయ్య, గొలుసు తీయకుండా.

"లాక్కుపోయి ఎక్కడ పెట్టుకుంటానండీ? మా అమ్మాయి నాకే ఓట్స్ పెడుతోంది. ఎవరికి చేసినా ఫోనెత్తడం లేదు. నిన్నటినుంచీ నాతో మాట్లాడే మనిషే లేడు." గాలి పీల్చాడు. "గుత్తివంకాయాండీ?"

"ఏందయ్యా నువ్వు! పెద్దమనిషిని మంచులో నిలబెట్టి!" కృష్ణవేణి మొగుణ్ణి పక్కకు నెట్టి గొలుసు తీసింది.

పద్మనాభం రెండుసార్లు వడ్డించుకున్నాడు. జమాబందీ మొదలుపెట్టబోయాడు గానీ, "ముక్క వెయ్యి ముందు" అని నలుగురూ కసిరేసరికి ముక్క వేశాడు. సాయంత్రానికి పక్కవాళ్ల కథలు వింటున్నాడు, మధ్యమధ్య "తర్వాతేమైందండీ?" అంటున్నాడు. ఇంటికి వెళ్లమంటే వెళ్లలేదు. కోటయ్యకు ఆ రాత్రి నిద్ర లేదు. అధ్యక్షుడే ప్రతిపక్ష క్యాంపులో గుర్రు పెడుతుంటే ఏం చేయాలో ఏ చట్టంలోనూ లేదు.

ఆదివారం పిల్లల కార్లన్నీ వరసగా వచ్చి క్యాంపును లైబ్రరీ దగ్గర దింపాయి. పద్మనాభమే మైకు పట్టుకున్నాడు.

"అధ్యక్షుడి మీద అవిశ్వాసానికి అనుకూలంగా ఉన్నవాళ్లు చేతులెత్తండి" అని, ముందు తన చెయ్యే ఎత్తాడు. "పరిపాలన విసుగొచ్చిందండీ. అటువైపే బాగుంది."

గదిలో చేతులన్నీ లేచాయి. కోటయ్య చుట్టూ చూశాడు. తన బతుకంతా ఎదురుచూసిన చేతులు. ఒక్కటీ తగ్గలేదు. ఎదుటి వరస మాత్రం ఖాళీ. ఆయన చెయ్యి ఒళ్లోనే ఉండిపోయింది.

"ఎత్తన్నా" అంది విజయశ్రీ.

"వ్యతిరేకం ఎవరూ లేరు కదండీ?" అన్నాడు పద్మనాభం.

"నేనున్నా" అని కోటయ్య చెయ్యెత్తాడు.

"పెట్టిందే మీరు కదండీ!"

"పెట్టింది నేనే. అయినా ఇంతమంది ఒకటై ఒక మనిషిని దించుతుంటే, ఎందుకు దించుతున్నారని అడిగేవాడు ఒకడుండొద్దా? ఏకగ్రీవమంటే నాకు కడుపులో తిప్పుద్ది."

తీర్మానం నెగ్గింది. వ్యతిరేకం ఒక్క ఓటు. తన పక్షాన నిలిచిన ఆ ఒక్కడి చేతిని పద్మనాభం రెండు చేతులా పట్టుకుని ఊపాడు.

విజయశ్రీ కూతురి కారులో ఇంటికొస్తుంటే కృష్ణవేణి ఇక ఆపుకోలేకపోయింది. "ఒక్కణ్ణన్నా దించాలన్నావు. తీరా దిగే వేళకు అడ్డం పడ్డావు. సిగ్గులేదా?"

"అడ్డం పడితే ఆగిందా? నన్ను కూడా ఓడించి ఆయన్ను దించారు" అన్నాడు కోటయ్య, కిటికీ అద్దం తువ్వాలుతో తుడుచుకుంటూ. "అంత గట్టి క్యాంపు నడిపింది ఎవడే? మొత్తంలో జారిపోయింది నేనొక్కణ్ణే."