అక్క చేతి కరెంటు

మెకానిక్ షెడ్డు తలుపు తీయగానే అమ్మమ్మ చేసే మొదటి పని, పానాలన్నీ సైజు వారీగా గోడకి తగిలించడం. ఒక్కటి వంకరగా వేలాడినా ఆవిడకి ముద్ద దిగదు. రెండో పని బ్యాటరీలు చార్జి చెయ్యడం. దిగిపోయిన బ్యాటరీతో వచ్చినవాళ్లు ఎర్ర వైరు ఒక చేతికి, నల్ల వైరు ఇంకో చేతికి అందించి, స్టూలు లాక్కుని కూర్చుని, ఎదుటి షెడ్డులో ఉండే ఆవిడ తమ్ముడి ఊసెత్తుతారు.

"మీ తమ్ముడు పొద్దున్నే ఎవరితోనో నవ్వుతున్నాడమ్మా."

"నవ్వడా మరి! నా వైరింగు సాలెగూడని నలుగురిలో అన్న నోరది."

అంతే. వేళ్ల సందుల్లో నీలం రవ్వలు చిటపటలాడతాయి. టీ చల్లారేలోపు బ్యాటరీ నిండిపోతుంది. వీధిలో ఎవరికీ ఇది వింత కాదు. కొందరి చేతికి వంట కుదురుతుంది, ఈవిడ చేతికి కరెంటు కుదిరింది. తమ్ముడు ఆ మాటన్నది వాళ్ల నాన్న బతికుండగా, ఆయన షెడ్డులో ఇద్దరూ పని నేర్చుకునేటప్పుడు. ఆనాటినుంచి అక్కాతమ్ముళ్ల మధ్య మాటల్లేవు.

ఆ రోజు మాత్రం అమ్మమ్మ పరాయి బ్యాటరీ ముట్టుకోలేదు. పది గంటలకి మనవరాలికి పరీక్ష. కొండమీది ఆసుపత్రికి రక్తం సీసాలు చేరవేసే ఉద్యోగం. సొంత బండి మీద కొండెక్కి, వేళకి పైన కనబడాలి. లేదంటే ఆ ఉద్యోగం ఇంకొకరిది.

బండిని అమ్మమ్మే విప్పింది, తోమింది, ఫ్రేముకి కోటు మీద కోటు నల్లరంగు వేసి బిగించింది. అందులో మొహం చూసుకుని బొట్టు దిద్దుకోవచ్చు. మనవరాలు ఎక్కి కిక్కు కొట్టింది. ఉలుకూ పలుకూ లేదు.

"హ్యాండిల్ మీది ఇంజను స్విచ్చి చూశావా?"

"ఆన్‌లోనే ఉంది అమ్మమ్మా."

ఫ్యూజు బాగానే ఉంది. స్పార్కు ప్లగ్గు విప్పి ఇంజనుకి ఆనించి కిక్కు కొడితే మిణుగురంత మెరుపు కూడా లేదు. ప్లగ్గు మార్చింది, క్యాపు మార్చింది, కాయిలు మార్చింది. హారన్ నొక్కితే జలుబు చేసిన పిల్లిలా మూలిగింది.

ఆ మూలుగు రోడ్డు దాటింది కాబోలు, తమ్ముడు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మాయ్, బ్యాటరీ చచ్చిందేమో అడుగు మీ అమ్మమ్మని."

"నేను నింపిన బ్యాటరీ చావదని చెప్పవే మీ చిన్నతాతకి. కళ్లుంటే చూసుకోమను!"

అమ్మమ్మ అరలోంచి పెద్ద బల్బొకటి తీసి నేరుగా బ్యాటరీకి తగిలించింది. భగ్గుమని వెలిగింది. ఆయన కళ్లలో పడేలా దాన్ని అలాగే వదిలేసి వైర్ల మీద పడింది. స్విచ్చిదాకా కరెంటుంది. కాయిలుదాకా ఉంది. మరి స్పార్కు ఏ గంగలో కలుస్తోంది?

మనవరాలు గోడ గడియారం చూసింది. "పోనీలే అమ్మమ్మా..." స్టూలు మీద కూలబడింది.

తమ్ముడు నున్నటి ఫ్రేము మీద వేలు రాశాడు. "అమ్మాయ్, కరెంటు వెళ్లే దారంతా చూసింది మీ అమ్మమ్మ. తిరిగొచ్చే దారి చూసిందా?"

అమ్మమ్మ చెయ్యి ఆగిపోయింది. వెళ్లిన కరెంటు ఫ్రేము ఇనుములోంచి, ఎర్తు వైరు గుండా బ్యాటరీకి తిరిగి రావాలి. ఆ వైరు బోల్టు కింద రంగుంది, రంగులోంచి కరెంటు పారదు. ఇంకెవరైనా అయితే కనబడని చోటు కదా అని బద్ధకించి వదిలేసేవాళ్లు. ఆవిడ అక్కడా కోటు మీద కోటు వేసింది. బోల్టు విప్పి, ఇనుము తెల్లగా తేలేదాకా గరుకు కాగితంతో గీకి, బిగించింది.

"కొట్టు!"

ఏమీ లేదు. అందరూ బల్బు వైపు చూశారు. తమ్ముణ్ణి దెప్పడానికి వెలిగించిన బల్బు, పాత బ్యాటరీని చుక్క మిగల్చకుండా పీల్చేసి ఆరిపోయింది.

"మా షెడ్డులోది తెస్తానని చెప్పు."

"నా మనవరాలి బండికి వాడి బ్యాటరీనా? అక్కర్లేదని చెప్పు."

అమ్మమ్మ వైర్లు రెండూ పట్టుకుంది. సాలెగూడు, సాలెగూడు అని లోపలే తలుచుకుంది. ఒక్క రవ్వా రాలేదు. ఇప్పుడే సరైన మాట చెప్పినవాడి మీద కోపం రమ్మంటే ఎక్కణ్ణుంచి వస్తుంది? ఇన్నేళ్లూ వెచ్చగా ఉన్న వేళ్లు చల్లబడ్డాయి.

"రావట్లేదురా తమ్ముడూ," అంది.

ఆయన ఒక్క క్షణం నేల చూశాడు. తర్వాత నడుం మీద చేతులు పెట్టుకుని, మనవరాలిని దాటి, సూటిగా అక్క మొహంలోకి చూశాడు.

"ఎలా వస్తుందక్కా? నీ పనిని సాలెగూడనడం నాదే తప్పు. సాలీడు తిన్నగా అల్లుతుంది. నీది పిల్లి ఆడి వదిలేసిన దారపుండ. నువ్వు ఇంటికెళ్లగానే నాన్న అంతా విప్పి మళ్లీ చేసేవాడు!"

"నాన్ననా? నాన్ననే లాగుతావురా, దౌర్భాగ్యుడా!"

నీలం మంట మోచేతులదాకా పాకింది. షెడ్డులో ఎప్పుడో మాడిపోయిన ట్యూబులైటు వెలిగింది. గోడమీది పానాలన్నీ ఆవిడ వైపు తలలు తిప్పాయి. వీధి పొడుగునా బళ్ల హారన్లు ఒక్కసారిగా మోగాయి.

"చాలమ్మమ్మా, చాలు!" మనవరాలు వైర్లు లాగేసి, బ్యాటరీ బిగించి కిక్కు కొట్టింది. బండి గర్జించి గుమ్మం దాటింది. కాసేపటికి కొండ మలుపులో ఆ మోత విని అమ్మమ్మ చెవి రిక్కించింది. ఎక్కడా తడబడలేదు.

పది దాటిన కాసేపటికే ఫోనొచ్చింది. "అమ్మమ్మా, అందరికంటే ముందు నేనే! ఉద్యోగం నాదే. సాయంత్రమే మొదటి సీసాలు!"

అమ్మమ్మ ఫోను పెట్టేసి, తిరిగిపోయిన పానాలు ఒక్కొక్కటే సరిచేస్తూ అడిగింది. "నాన్న నిజంగానే విప్పేవాడా?"

"నీ వైరింగు ముట్టుకునే ధైర్యం నాన్నకెక్కడిదక్కా?"

ఆవిడ చివరి పానా తిన్నగా తగిలించి, తమ్ముడికి స్టూలు జరిపింది.

"ఆ బ్యాటరీ పాతది. పిల్ల రోజూ కొండెక్కాలి. రేపు పొద్దున్నే రా. ఇంకాస్త ఘాటైన మాట ఆలోచించుకుని రా."