తెర మీద ఐదు, తీగలో సున్నా

ఆ ఉదయం కొట్టు తెరిచేటప్పటికి నా దగ్గర ఒక పాత డేటా పెట్టె, దాన్ని నడిపే కంప్యూటరు, ‘చూసే ఇస్తాడు’ అన్న పేరు ఉన్నాయి. మొదటి రెండూ ఎవరైనా కొనుక్కోవచ్చు. పనిచేస్తుందని చూశాకే అమ్ముతాడని దానర్థం; పాత ల్యాబు సామాను వ్యాపారంలో అసలు సరుకు అదే.

డేటా పెట్టె అరచేతంత ఉంటుంది. కంప్యూటరులో ఒక అంకె కొడితే అన్ని వోల్టులు దాని మీద తీగలు బిగించే మరల దగ్గర బయటికి రావాలి. ఆ వోల్టులను బట్టి మోటారు వేగం మారుతుంది. బాగుచేసిన పంపులను తిప్పి చూసుకోవడానికి పంపులక్కకి అదే కావాలి. ఆవిడ పంపుల రిపేరు షాపు నడుపుతుంది, అందుకే అందరూ అలా పిలుస్తారు. మధ్యాహ్నం వస్తానంది. ఇది సరిగ్గా పనిచేస్తే ఆవిడ కొత్త షెడ్డుకి సామానంతా నా కొట్టు నుంచే. తేడా వస్తే ఎదురు కొట్టు నుంచి.

కంప్యూటరు పని నా బావమరిది చూస్తాడు. ఐదు అని కొట్టాడు. తెర మీద ఆకుపచ్చగా ఐదు వోల్టులని వచ్చింది. నేను మీటరు ముళ్లు మరలకి ఆనించాను. సున్నా.

“బావా, నీ మీటరు నిద్రపోతోందేమో.”

బ్యాటరీకి పెట్టి చూశాను. మేలుకునే ఉంది.

“అయితే నీ చెయ్యి నిద్రపోతోందేమో.”

“మీ అక్కని పిలవమంటావా?”

గబగబా తీగ మార్చాడు. సున్నా. గ్రౌండు తీగ తప్పు మరకి బిగించామేమోనని విప్పి, పెట్టె మీది గుర్తులు చూసి మళ్లీ బిగించాం. సున్నా. కరెంటు అందడం లేదా అంటే పెట్టె మీద చిన్న దీపం వెలుగుతూనే ఉంది. ప్రోగ్రాం ఏ తప్పూ చూపించలేదు. పది ఇమ్మంటే పది ఇచ్చానంది, రెండు ఇమ్మంటే రెండు ఇచ్చానంది. అంత వినయం గల పనివాణ్ని నేను చూడలేదు. పని మాత్రం కనబడదు.

నాకు బుర్ర తిరిగిపోయింది. లెక్కలో ఒకవైపు ఐదు, ఇంకోవైపు సున్నా ఉంటే మధ్యలో ఎవడో తిన్నాడని అర్థం. ఇక్కడ తినేవాడెవడూ లేడు. ఉన్నదల్లా మూరెడు తీగ.

అంతలో పంపులక్క వచ్చేసింది. “ఏమయ్యా, పనిచేస్తోందా?”

“చేస్తోందక్కా. తెర మీద ఐదు వచ్చింది,” అని నీళ్లు నమిలాను.

“నా పంపు తెర మీద తిరగదుగా!”

కాసేపు కూర్చుని మా అవస్థ చూసింది. “చూసే ఇస్తావంటే వచ్చాను. నువ్వేమో ఇంకా చూస్తూనే ఉన్నావు. దీని నంబరు చెప్పు, ఎదురు కొట్టులో అడుగుతా” అంటూ లేచింది. నంబరు పెట్టె అడుగున ఉంటుంది. కంప్యూటరు నుంచి వచ్చే తీగ ఊడబెరికి, పెట్టె తిరగేసింది. దీపం ఆరిపోయింది.

మావాడు తెర మీంచి తల ఎత్తలేదు. “ఆగండక్కా! ఎనిమిది కొట్టా. ఇదిగో, వచ్చేసింది!”

తెర మీద ఆకుపచ్చగా ఎనిమిది వోల్టులు.

“ఎక్కణ్నించొచ్చింది బాబూ? పెట్టె నా చేతిలో ఉంది.”

ముగ్గురం తెర వంక, పెట్టె వంక మార్చి మార్చి చూశాం. అప్పుడు వెలిగింది నాకు.

బేరం కుదిరేదాకా మా కొట్టులో సరుకు అద్దాల బీరువా దాటి రాదు. ఊరికే చూసిపోయేవాళ్ల కోసం మావాడు ప్రోగ్రాంలోనే ఒక ఉత్తుత్తి పెట్టెను పుట్టించాడు. ఏ అంకె చెప్పినా సరేనంటుంది. సలహా నాదే. రెండింటికీ ఒకేలాంటి పేరు పెట్టాడు, అది మాత్రం వాడిదే. పొద్దుటినుంచి మా ఆజ్ఞలన్నీ ఉత్తుత్తిదానికే పోతున్నాయి. అసలుది పక్కన దీపం వెలిగించుకుని, పిలిచేవాళ్లు లేక కూర్చుంది.

“చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికారన్నమాట,” అని పంపులక్క పకపకా నవ్వింది.

తీగ మళ్లీ తగిలించి, అసలు పెట్టెను ఎంచుకుని ఐదు కొట్టాం. మీటరులో ఐదు.

“ఇది అసలు ఐదా, ఉత్తుత్తి ఐదా?” అందావిడ.

మీటరు చూపించాను. నమ్మలేదు. పెట్టె, కంప్యూటరు మోసుకుని ఆవిడ షాపుకి వెళ్లాం. పంపు తిరిగింది. అంకె పెంచితే వేగం పెరిగింది. అప్పుడు తల ఊపింది.

“షెడ్డు సామాను నీ దగ్గరే తీసుకుంటా. కానీ అద్దాల్లోంచి చూపిస్తే కుదరదు. ప్రతిదీ నా బల్ల మీద తిప్పి చూపించాలి.”

దారిలో మావాడు గొణిగాడు: “తెర మీదైతే వచ్చింది కదా బావా!”

చివరికి తేలిన లెక్క ఇది. పెట్టె అమ్ముడుపోయింది. షెడ్డు బేరం వచ్చింది. ‘చూసే ఇస్తాడు’ అన్న పేరు ఏ వైపు రాసుకోవాలో మాత్రం నాకింకా అంతుపట్టలేదు. ఇక మీదట ఇచ్చేది నేనే, చూసేది ఆవిడ.