వెంకటనరసమ్మ మావులు

వెంకటనరసమ్మకు కోపం వస్తే ఊరంతటికీ తెలుస్తుంది. ఆ రెండో శనివారం మాత్రం ఆవిడ కోపం సగంలోనే ఆగిపోయింది.

జాతర అయ్యి వారం. కొల్లేటికోట అమ్మవారి కోసం వచ్చిన జనం పడవల రేవు చుట్టూ చేయని పాడు లేదు. గ్లాసులు, విస్తళ్లు, క్యారీబ్యాగులు, సీసాలు, కాలు పెట్టే చోటు ఉంటేగా. ఏలూరు నుంచి కాలేజీ పిల్లలు ముప్పై మంది ఎన్నెస్సెస్ బస్సులో వచ్చి, పొద్దున్నుంచి వంచిన నడుం ఎత్తకుండా అదంతా ఏరారు. పెదపాడులో పెళ్లికి వెళ్లిన నరసమ్మ తిరిగొచ్చేసరికి గట్టు మీద గోతాలు బారుతీరి ఉన్నాయి. ఎంత బాగుచేశారో అనుకుంటూ నీళ్లకేసి చూసింది. నీటి మీద ఒక్క పచ్చ సీసా లేదు.

ఆ ఊరివాళ్లు మావులు, అంటే నీళ్లడుగున పెట్టే వెదురు చేపల బుట్టలు, ఎక్కడున్నాయో తెలియడానికి తాడు కట్టి ఖాళీ సీసా పైకి వదులుతారు. ఎవరి రంగు వాళ్లది. నరసమ్మది పచ్చ. పడవ లేని మనిషి కాబట్టి ఆవిడ మావులు ఎనిమిదీ రేవు పక్కనే, నడిచి వెళ్లేంత లోతులో ఉంటాయి. ఇంట్లో పొయ్యి వెలిగేది వాటి మీదే.

"నా సీసాలు ఎవరు కోశారు?" అంది.

జాయ్సీ అనే అమ్మాయి ముందుకొచ్చింది. "నేనేనండి మామ్మగారూ. జాతరవాళ్లు పారేసినవనుకున్నానండి."

సంగతి విన్నాక ఆ పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు. నరసమ్మ నోటినిండా ఉన్న తిట్లు అక్కడే ఉండిపోయాయి, ఆ పిల్ల అప్పటికే చున్నీ నడుముకు బిగించి నీళ్లలోకి దిగింది మరి. వెనకే లెక్చరర్ ఆనంద్ పాల్ ప్యాంటు మడుచుకుని దిగాడు, ఆయన వెనక మిగతావాళ్లు. చేతులు పట్టుకుని వరసగా నిలబడి, కాళ్లతో బురద తడుముకుంటూ ఒక్కో అడుగే వేశారు.

నిరుడు సర్కారువాళ్లు సరస్సులో అక్రమంగా తవ్విన చేపల చెరువుల గట్లు కొట్టేసినప్పుడు చూడ్డానికి జీపుల్లో ఎంతమంది వచ్చారు, ఒక్కరి చెప్పు తడిసిందా? ముక్కూమొహం తెలియని పిల్లలు తన బుట్టల కోసం నడుంలోతు నీళ్లలో తిరుగుతుంటే ఆవిడ కళ్లు నిండాయి. ఏ తల్లులు కన్న బిడ్డలో, చల్లగా ఉండాలి అనుకుంది.

సాయంత్రానికి ఏడు దొరికాయి. ఎనిమిదోది అన్నిటిలోకీ పెద్దది, కొరమేనులు పడేది అందులోనే. ఎంత వెతికినా కాలికి తగల్లేదు. డ్రైవరు హారన్ కొట్టాడు. అందరూ గట్టెక్కారు గాని జాయ్సీ ఎక్కలేదు. చలికి పెదాలు వణుకుతున్నాయి.

"అది దొరక్కుండా నేను రానండి సార్," అంది.

నరసమ్మ గట్టు అంచుకొచ్చి ఆ పిల్లకు చెయ్యి చాపింది.

"ఇంకెక్కడి మావు తల్లీ, నా మతిమరుపు మండిపోను. పుల్ల విరిగిందని పెద్దదాన్ని పొద్దున నేనే ఇంటికి పట్టుకెళ్లాను. ఇప్పుడు గుర్తొచ్చింది."

"నిజమేనాండీ?"

"అమ్మవారి ఎదురుగా అబద్ధమాడతానా?" అంది. ఈ ఒక్క పూటకీ ఆ తల్లి చెవులు మూసుకుంటుందిలే అనుకుంది.

జాయ్సీ గట్టెక్కి ఆవిడ చేతులు రెండూ పట్టుకుని నవ్వింది, ఏడ్చింది. "థాంక్సండి మామ్మగారూ."

"నాకెందుకమ్మా, నేను చెప్పాలి గాని," అంది నరసమ్మ.

బస్సు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపుతూ నిలబడింది. అది కనుమరుగయ్యాక చీర ఎగదోపుకుని, గుర్రపుడెక్క పక్కకు నెట్టుకుంటూ పెద్ద మావును వెతకడానికి నీళ్లలోకి దిగింది.