మోగిన బిళ్ళ

వంశధార పొంగి పొలాల్లో ఇసక మేట వేసిన ఏడాది అది. తిత్లీ తుపాను వచ్చిపోయి నెల దాటింది. టెక్కలి దాటాక హైవే పక్కనున్న గిన్నెల కంపెనీలో నేను లేతు మీద పనిచేసేవాణ్ణి. నా పక్క లేతు ఎజ్రాది. నా కళ్ళముందే పోయాడు.

ఎలా పోయాడో చెప్పాలంటే ముందు బిళ్ళ సంగతి చెప్పాలి. వినేవాళ్ళలో చదువుకునే పిల్లలున్నారు, వాళ్ళకు తెలియదు.

అల్యూమినియం రేకును గుండ్రంగా కోసి, కట్టలు కట్టి పంపుతారు. కంపెనీవాళ్ళు సర్కిలంటారు, మేం బిళ్ళంటాం. బిళ్ళను అచ్చుకు ఆనించి లేతు తిప్పుతాం. తిరిగే బిళ్ళను ఇనప కడ్డీతో ఒత్తుకుంటూ పోతే అది అచ్చు మీదికి వంగి గిన్నె అవుతుంది. గుండిగలాంటి లోతు గిన్నెకు మెత్తటి బిళ్ళ కావాలి. బట్టీలో బాగా కాల్చి చల్లార్చినదే మెత్తగా ఉంటుంది. కాలనిది గట్టిగా ఉంటుంది. మూతలకీ పళ్ళేలకీ అది చాలు. గుండిగకు పెడితే వంగదు, చీలుతుంది. తిరుగుతూ చీలిన రేకు కత్తితో సమానం.

చూపుకు రెండూ ఒకటే. అంచు పట్టుకుని వేలాడదీసి గోటితో కొట్టాలి. మెత్తటిది టప్పుమని ఊరుకుంటుంది. గట్టిది ఖంగుమని మోగుతుంది. మూగది లేతుకి, మోగినది మూతలకి. పొద్దున్నే అందరం వరసగా కూచుని ఎవరి బిళ్ళలు వాళ్ళు ఏరుకునేవాళ్ళం. కంపెనీ పెట్టినప్పటి నుంచీ అదే పద్ధతి.

వరదకు ఊళ్ళలో గిన్నెలన్నీ కొట్టుకుపోయాయి. గిరాకీ పెరిగింది. దారులు తెరుచుకున్నాక సాలూరు లారీల మీద కొత్త సరుకు దిగింది, ఎక్కడిదో చవక సరుకు. సగానికి పైగా మోగింది. మేనేజరు జగన్నాధం షెడ్డులోకి వచ్చి, కూచున్నవాళ్ళని లేవమన్నాడు.

"ఏరుడు మానండి. లారీ దించింది దించినట్టు లేతెక్కాల."

"మోగతన్నాయి బాబూ," అన్నాడు ఎజ్రా.

"మోగితే పాటనుకో. నువ్వూ పాడుకో. ఆదోరం గుడిలో పాడతావు గదేటి?"

ఎజ్రా తల వంచుకుని లేతెక్కాడు. ఇంటిదగ్గర పిల్లలున్నారు. మేమూ ఎక్కాం.

ఆ మధ్యాహ్నమే చీలింది. రేకు మెడ మీదికి వచ్చింది. నేను కడ్డీ పారేసి పరిగెత్తేసరికే అయిపోయింది. లేతులన్నీ ఆగాయి. జగన్నాధం వచ్చి చూశాడు. అతని నోట మొదట వచ్చిన మాట ఇది:

"మిగతా లేతులెందుకాపేరు?"

సాయంత్రానికల్లా ఇంకో మాట పుట్టించారు. ఎజ్రా తాగి లేతెక్కాడట. ఎజ్రావాళ్ళది బాప్టిస్టు సంఘం, అందులో తాగుడు పనికిరాదు. ఎజ్రా పెళ్ళాం షీబా మా కంపెనీలోనే గిన్నెలకు మెరుగు పెడుతుంది. శవం దగ్గర కూచుని ఆ మాట విన్నది.

"ఆయన నోట సుక్క పడితే సంఘంలో నిలబెట్టి అడుగుతారు," అంది. "సంపేసి మళ్ళీ నింద కూడానా?"

మట్టి చేశాక అందరం సమాధుల గోడ బయటే కూచున్నాం. మాటామాటా పెరిగింది. షీబాకు నష్టపరిహారం అడుగుదామన్నారు కొందరు. ఆమె లేచి నిలబడింది.

"నాకిచ్చీసి మీసేత మళ్ళీ అదే బిళ్ళెక్కిస్తారు. రేపు ఇంకో శవం, ఇంకో నష్టపరిహారం. ఏరుడు అడగండి."

"ఏరుడేటొదినా, అదొక కోరికేటి? నవ్వుతారు," అన్నాడు ఎజ్రా తమ్ముడు శాంతికుమార్. వాడూ లేతు పనివాడే.

"నవ్వనీరా. నవ్వీవోణ్ణి లేతెక్కమను."

ఎవరూ నవ్వలేదు. మా బిళ్ళ మేం ఏరుకునే హక్కు తిరిగివచ్చేదాకా లేతు ముట్టేది లేదని అక్కడే అనుకున్నాం. మర్నాటి నుంచి గేటు ముందు కూచున్నాం.

మా పొయ్యిలు చల్లబడ్డాక కంపెనీ వ్యాను భావనపాడు నుంచి జనాన్ని తెచ్చింది. తుపానుకు పడవలు పగిలిపోయి, వలలు కొట్టుకుపోయిన జనం. మా ముందునుంచే లోపలికి పోయారు. తలెత్తి చూసినవాడు లేడు. మావాళ్ళు తిట్టారు. ఉమ్మేశారు కూడా. మోటార్లు ఇంకా తిప్పలేదు.

గేటుకు దగ్గరగా బిళ్ళల గోదాము ఉంది. అక్కణ్ణించి వినిపించింది.

ఖంగు. ఖంగు. ఖంగు.

జగన్నాధం గేటు ఊచల దగ్గరికి వచ్చాడు. నవ్వుతున్నాడు.

"ఏరుడు కావాలన్నారు గదా! ఏరుకోమన్నాను. ఇనండి. కొత్తోలైనా ఎంత సక్కగా ఏరతన్నారో."

మధ్యలో ఎప్పుడో ఒకటి టప్పుమంటే, వెంటనే దాన్ని నేల మీద పారేసిన చప్పుడు. మోగినవి మాత్రం బండిలోకి ఎక్కి లేతుల వైపు పోతున్నాయి. వాళ్ళు కుండ ఏరినట్టు ఏరుతున్నారు. సంతలో కుండ కొనేటప్పుడు ఎవరైనా అంతే. కొట్టి చూస్తారు. మోగితే మంచిది. మూగబోతే పగులుందని పక్కన పెడతారు. ఏది ఏరాలో వాళ్ళకు చెప్పినవాళ్ళు లేరు. జగన్నాధానికి తెలుసు. తెలిసే నవ్వుతున్నాడు.

"తిరగేసి ఏరతన్నారు," అన్నాను. "అన్నీ సావుబిళ్ళలే."

"సావనీ మావా," అన్నాడు శాంతికుమార్. "మన కూడు లాక్కోడానికొచ్చినోలు. ఒకడు పడితే వ్యాను మళ్ళీ రాదు."

కొందరు అవునన్నారు. కొందరు నేలచూపులు చూశారు. అవునన్నవాళ్ళు చెడ్డవాళ్ళు కారు, ఆకలి మీదున్నారు. షీబా శాంతికుమార్ చొక్కా పట్టుకుంది.

"ఒరే, మీ అన్న పడినప్పుడు జగన్నాధం ఏటన్నాడు? మిగతా లేతులెందుకాపేరన్నాడు. నువ్వన్నదానికీ దానికీ తేడా ఏటి? సెప్పు!"

అంతలో లోపల మోటార్లు తిరగడం మొదలెట్టాయి. షీబా గేటు మీదికి పోయింది. వెనకే మేమందరం.

"మోగింది పెట్టకండి! లేతులాపండి! మూగదే మంచిది!"

అంతమందిమి అరిచినా మోటార్ల రొదలో మా గొంతు మాకే సరిగ్గా వినపడలేదు. వాచ్‌మన్లు కర్రలు తీశారు. జగన్నాధం అక్కడే నిలబడి ఉన్నాడు, ఒక్క మాట లోపలికి పోయి చెబితే చాలు. కదల్లేదు.

రోడ్డు పక్కన కంపెనీ ట్రాన్స్‌ఫార్మరు స్తంభం ఉంది. దానికి స్విచ్చి హేండిలు, హేండిలుకి తాళం. రాయి తీసుకుని తాళం బద్దలుకొట్టి హేండిలు కిందికి లాగాను.

మోటార్లు ఒక్కొక్కటీ మూలిగి ఆగాయి.

ఆ నిశ్శబ్దంలో ఒక ఆడమనిషి కేక వినపడింది.

ఎల్లాజీ అనే అతన్ని మోసుకొచ్చారు. కుడిచెయ్యి మణికట్టు దగ్గర వేలాడుతోంది. కేక పెట్టింది అతని పెళ్ళాం దేముడమ్మ. చీరచెంగు చుట్టి చేతిని గుండెకు అదుముకుని వస్తోంది. వాచ్‌మన్లు గేటు తియ్యక ఏం చేస్తారు? తీశారు. ఎల్లాజీకి ఇంకా తెలివి ఉంది. షీబా మొహం చూసి చెప్పుకున్నాడు.

"మోగిందాన్నే పెట్టేనప్పా. మంచిదాన్నే ఏరేను."

షీబా తన పైట చింపి చేతికి పైన గట్టిగా కట్టింది. అతన్ని ఎత్తుకుని ఆటోలో పడుకోబెట్టినవాడు శాంతికుమార్. ఎత్తుతూ ఏడుస్తున్నాడు.

ఎల్లాజీ వెనక వచ్చిన భావనపాడువాళ్ళు లోపలికి పోవాలో బయటికి రావాలో తెలియక గేటు నడుమ నిలబడ్డారు. ఒకడు నా మీదికే వచ్చాడు.

"తెలిస్తే ముందే సెప్పకూడదేటి తాతా? ఉమ్మీడానికి నోరుంది గాని సెప్పడానికి లేదేటి?"

షీబా చెప్పింది.

"తప్పే బాబూ. వ్యాను దిగినప్పుడే సెప్పవలిసింది. ఇప్పుడు సెప్తన్నాం. మళ్ళీ లోనికెల్లకండి."

"పడవల్లేవు. ఏటి తినమంటావు?"

"మా కాడా లేదు. గంజి కాస్తే అందరికీ కాస్తాం. కూకోండి."

ముందు ఆడవాళ్ళు కూచున్నారు, తరవాత మగవాళ్ళు. జగన్నాధం అప్పుడు నవ్వడం మానాడు. ఫోను తీశాడు.

పోలీసు జీపు వచ్చింది. స్విచ్చి ఎవడు దించాడని ఎస్సై అడిగాడు.

"నానే."

"ముసిలోడివి, ఇంటికాడ కూకోలేవేటి?" చెంప మీద కొట్టి జీపెక్కించాడు. మావాళ్ళూ భావనపాడువాళ్ళూ కలిసి జీపుకు అడ్డం పడ్డారు, లాఠీలు తగిలేదాకా లేవలేదు. కంపెనీకి నష్టం చేశానని కేసు పెట్టారు. ఎజ్రా చావుకు కేసు లేదు. ఎల్లాజీ చేతికి లేదు. చీకటి పడ్డాక, గేటు ఛాయలకు వస్తే లోపలేస్తామని చెప్పి వదిలారు. ఇంటికి పోయేసరికి శ్రీకాకుళం ఆసుపత్రి నుంచి కబురు వచ్చింది. ఎల్లాజీ చెయ్యి తీసేశారు.

మర్నాడు పొద్దున్న నేను గేటు దగ్గరికి పోలేదు. శాంతికుమార్ బండి తెచ్చాడు. మా ఇంట్లో పడున్న మోగే బిళ్ళ ఒకటి, మూగది ఒకటి సంచిలో వేసుకుని భావనపాడు పోయాం. ఒడ్డున పగిలిన పడవల దగ్గర జనం కూచుని ఉన్నారు. నేను రెండు బిళ్ళలూ వాళ్ళ చేతికిచ్చాను. ఒకరి తరవాత ఒకరు గోటితో కొట్టి చూశారు. "ఓలమ్మ, కుండకి తిరగేసి ఉన్నాదే!" అంది ఒక ముసలమ్మ.

కంపెనీ వ్యాను వచ్చి ఆగింది. డ్రైవరు హారను కొట్టాడు. ఎవరూ లేవలేదు. మళ్ళీ కొట్టాడు. ఆ ముసలమ్మ లేచి, చేతిలో మోగేదాన్ని ఎత్తి అతని మొహం ముందే గోటితో కొట్టింది. అతను కిందికి చూసి గేరు వేశాడు.

"ఈ ఊరు కాపోతే ఇంకోటి," అన్నాడు పోతూ పోతూ.

నేను బిళ్ళలు సంచిలో వేసుకుని శాంతికుమార్ వెనక ఎక్కాను.

"తొందరగా పోనీరా," అన్నాను. "ఆడికంటే ముందెల్లాల."