కత్తిరించని కోటు

కటింగ్ మాస్టరు మళ్లీ మెడలోంచి టేపు తీశాడు. బల్ల మీద పరిచిన బూడిదరంగు కోటు గుడ్డను అరచేత్తో సాపు చేసి, ఛాతీ కొలత ఇంకోసారి చూసుకున్నాడు. సరిగ్గానే ఉంది. ఇందాకా సరిగ్గానే ఉంది. అయినా నమ్మకం కుదరలేదు. పాత గీత పక్కనే, వెంట్రుకవాసి తేడాతో, సుద్దముక్కతో ఇంకో గీత గీశాడు.

చిన్నప్పటి నుంచీ అంతే మనిషి. తలుపు గడియ వేసి, వేశానా లేదా అని వెనక్కి వచ్చి చూసే రకం. కూతురు బడి నుంచి కాస్త ఆలస్యంగా వస్తే ఏడ్చినంత పని చేసేవాడు. వీడు పుట్టడమే ఉలిక్కిపడుతూ పుట్టాడని తల్లి నవ్వేది. ఆ పిరికితనమే అన్నం పెట్టింది మరి. ఇన్నేళ్లలో ఒక్క గుడ్డా పాడు చెయ్యలేదు. ఖరీదైన గుడ్డ వస్తే చాలు, కొట్టు యజమాని కళ్లు మూసుకుని అతని బల్ల మీద పడేసేవాడు. మాస్టరు భయమే నా పెట్టుబడి అని వచ్చినవాళ్లందరి దగ్గరా గొప్పలు పోయేవాడు.

ఇప్పుడా భయానికి ఏం మాయరోగం వచ్చిందో! కత్తెర పట్టుకుంటే గుండె దడదడలాడుతోంది. కంటి మీద కునుకు లేదు, ముద్ద మింగుడు పడదు. కోటు ఆసామికి కబురు పెట్టి పిలిపించి మరీ మళ్లీ కొలిచాడు. పాపం, ఆయన ఒకసారి ఊపిరి బిగబట్టాడు, ఒకసారి వదిలాడు, ఇంకోసారి విసుగ్గా నిట్టూర్చాడు. ఏ కొలతకా కొలత వేరుగా వచ్చింది. అన్నీ నిజమే. మరి దేని ప్రకారం కత్తిరించాలి? తోచక, అన్నీ గీసి పెట్టాడు.

మొన్న భార్య డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లింది. భయపడే స్వభావం జబ్బు కాదని ఆవిడ నెమ్మదిగా చెప్పింది. కాకపోతే అలాంటివాళ్లను ఈ ఆందోళన జబ్బు తొందరగా పట్టుకుంటుందట. అందరినీ పట్టుకోవాలనేం లేదట, పట్టుకున్నా తగ్గుతుందట. మాత్రలిచ్చి, అప్పుడప్పుడూ వచ్చి మాట్లాడి వెళ్లమంది. మాస్టరుకి బుర్ర గిర్రున తిరిగింది. స్వభావం ఎక్కడ ఆగింది, జబ్బు ఎక్కడ మొదలైంది? ఆ మాత్రలు జబ్బుతోపాటు జాగ్రత్తను కూడా ఊడ్చుకుపోతే? భయం లేని చేతిని ఈ కొట్టులో ఎవరు ఉంచుకుంటారు? మాత్రలు చొక్కా జేబులోనే ఉండిపోయాయి.

మధ్యాహ్నం యజమాని వచ్చి బల్ల పక్కన నిలబడ్డాడు.

"ఏంటయ్యా మాస్టరూ, పొద్దుననగా పరిచావు. ఇంకా కత్తెర పెట్టలేదేం?"

"ఇదిగో, పెట్టేస్తున్నానండీ."

కత్తెర నోరు తెరిచింది. తెరుచుకుని అలాగే ఉండిపోయింది. తిడదామనుకున్న యజమాని ఆ ముఖం చూసి ఊరుకున్నాడు. కుట్టుమిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. చివరికి యజమానే అతని ఇంటికి ఫోను చేశాడు.

భార్య వచ్చింది. నేరుగా బల్ల దగ్గరికి నడిచింది. అతని వేళ్లలోంచి కత్తెరను మెల్లగా విడిపించి బల్ల మీద పెట్టింది.

"నా తత్వమే ఇంత కదే" అన్నాడు, తప్పు చేసి దొరికిపోయినట్టు.

"మీ తత్వంతో ఇన్నేళ్లు కాపురం చేశానండీ. దాన్ని నేనెరుగుదును. ఇది అది కాదు."

"మరి తగ్గాక... నేను నాలాగే ఉంటానా?"

"ఏమో. వెళ్లి డాక్టరమ్మనే అడుగుదాం" అందామె. ఆమెకి మాత్రం ఏం తెలుసు?

గుమ్మం దగ్గర ఆగి, జేబులోంచి మాత్ర తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆమె మంచినీళ్ల సీసా మూత తీసి పట్టుకుంది, తొందరపెట్టలేదు. మింగాడు. మెడలో టేపు ఉన్న సంగతి కూడా మరచిపోయి ఆమె వెంట మెట్లు దిగాడు.

యజమాని కత్తెర అందుకున్నాడు. ఒకప్పుడు తనూ కత్తిరించినవాడే. బల్ల మీదికి వంగి, ఎందుకైనా మంచిదని ఇంకో టేపు తెప్పించి ఒకసారి కొలిచాడు. మళ్లీ కొలిచాడు. బూడిదరంగు గుడ్డ నిండా సుద్ద గీతలు, ఒకదాని పక్కన ఒకటి, అన్నీ తిన్నగానే ఉన్నాయి.