నాలుగోసారి వచ్చిన బండి

వర్క్‌షాపు బట్టలకి అంటిన గ్రీజు మామూలుగా ఉతికితే పోదు. ముందు గిన్నెలు తోమే సబ్బు పట్టించి నానబెట్టాలి, తర్వాత బ్రష్షుతో రుద్దాలి, అప్పటికీ నీడలాంటి మరక ఒకటి మిగిలే ఉంటుంది. ఆ రోజు మా ఆయనవీ, మా మరిదివీ చొక్కాలు ముందేసుకుని రుద్దుతూ ఉంటే, మా ఆయన సగం మెట్లు ఎక్కి వచ్చి, "జేబు దగ్గర మరక అలాగే ఉంటోంది, ఈమధ్య నీకు పని మీద ధ్యాస తగ్గింది," అన్నాడు. ఆ మాట చల్లారకముందే, "సరే, అది వదిలేసి ఒకసారి కిందకి రా. పశువుల డాక్టరమ్మ కారు మళ్ళీ వచ్చింది," అన్నాడు. ధ్యాస పెట్టమనేదీ ఆయనే, వదిలేసి రమ్మనేదీ ఆయనే.

మా ఇల్లు వర్క్‌షాపు పైనే. కింద రెండు కార్లు పట్టే షెడ్డు, పైన మేం నలుగురం: మా అత్తయ్య, మా ఆయన, ఇంకా పెళ్ళికాని మా మరిది, నేను. పెళ్ళికి ముందు నేను మా నాన్న నడిపే టీవీ రిపేరు దుకాణంలో పనిచేశాను. కరెంటు ఎక్కడిదాకా వచ్చి ఎక్కడ ఆగిపోయిందో వెతకడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. పెళ్ళయిన కొత్తలో ఈ సంగతి మా ఆయనకి ముచ్చటగా ఉండేది. కార్లలో కంప్యూటర్లు పెరిగేకొద్దీ ముచ్చట పోయి అవసరం మిగిలింది. ఇంజను విప్పి బిగించడంలో ఆయన చెయ్యి మంచిది, కాదనను. వైర్లంటే మాత్రం చిరాకు. ఏ లైటు వెలిగినా, ఏ స్విచ్చి మొరాయించినా నన్ను కిందకి పిలుస్తాడు. నేను చేతులు తుడుచుకుంటూ వెళ్ళి, చూసి, చెప్పి, మళ్ళీ పైకి వస్తాను. దాన్ని మా ఇంట్లో ఎవరూ పని అనరు. "కాస్త సాయం చేస్తుంది," అంటారు. మా అత్తయ్య అయితే, "కింద కాలక్షేపం అయిందా? ఇక్కడ ఎక్కడివక్కడే పడున్నాయి," అంటుంది.

డాక్టరమ్మ కారుకి వచ్చింది పెద్ద జబ్బేమీ కాదు. పసుపురంగు ఇంజను లైటు వెలుగుతోంది. స్కానరు పెడితే ఆక్సిజన్ సెన్సరు హీటరు సర్క్యూట్‌లో లోపం అని వస్తోంది. పొగగొట్టంలో ఉండే ఆ సెన్సరు బాగా వేడెక్కితే గానీ పనిచేయదు. పొగకి అది వేడెక్కేదాకా ఆగకుండా, దాని లోపలే చిన్న హీటరు పెడతారు. ఆ హీటరుకి కరెంటు అందకపోతే ఇంజను కాసేపు గుడ్డిగా పెట్రోలు తాగుతుంది, పొగ ఎక్కువవుతుంది. పొగ పరీక్షలో ఆ బండి అప్పటికే ఒకసారి తప్పింది. ఇంకోసారి తప్పితే రోడ్డెక్కనివ్వరు. ఆవిడ పనేమో ఊరవతల పశువుల కొట్టాల్లో. ఈనలేక అవస్థ పడే ఆవు దగ్గరికి బస్సులో ఎప్పటికి చేరుతుంది?

మొదటిసారి బండి వచ్చినప్పుడే నేను మా ఆయనతో చెప్పాను, సర్క్యూట్ అంటే ఒక్క సెన్సరే కాదు, ఫ్యూజూ, వైర్లూ, కనెక్టరూ అన్నీ అని, ముందు మీటరు పెట్టి చూద్దామని. ఆయన అప్పటికే కొత్త సెన్సరు అట్టపెట్టె చించుతున్నాడు. పేరులోనే సెన్సరు అని ఉంటే ఇంకా చూసేదేమిటన్నాడు. ఫ్యూజు కాలిపోయి కనబడితే దాన్నీ మార్చాడు. లైటు ఆరింది. ఫ్యూజు ఎందుకు కాలినట్టు అని అడిగితే, "ఫ్యూజులున్నది కాలడానికే," అన్నాడు. వారం తిరక్కుండా బండి మళ్ళీ వచ్చింది. ఆ కొత్త సెన్సరు నకిలీ సరుకని తేల్చి ఇంకోటి తెప్పించాడు. మళ్ళీ ఫ్యూజు మార్చాడు, మళ్ళీ లైటు ఆరింది, మళ్ళీ నేను అదే మాట చెప్పాను. "నీకు అన్నిటి మీదా అనుమానమే," అని నవ్వాడు. ఆ నవ్వుకే నాకు ఒళ్ళు మండుతుంది. కోప్పడే మనిషితో పోట్లాడనైనా పోట్లాడొచ్చు. నవ్వే మనిషితో పోట్లాడితే మనమే గయ్యాళిలా కనిపిస్తాం. ఈ ఇంట్లో నేను మింగేసిన మాటల్లో సగం ఆ భయానికి మింగినవే.

అలా మూడోసారి వచ్చాక గానీ నేను గుర్తుకు రాలేదు. సబ్బు నురగ ఆరని చేతులతోనే కిందకి దిగాను. ముందు ఆయన మార్చి పక్కన పడేసిన పాత సెన్సర్లు రెండూ తీసుకుని, ఒక్కొక్కదానికీ ఉన్న రెండు తెల్ల వైర్ల మధ్య మీటరు పెట్టాను. ఆ తెల్లవే హీటరు వైర్లు. హీటర్లు రెండూ నిక్షేపంలా ఉన్నాయి. అంటే డాక్టరమ్మ చేత కొత్తవి కొనిపించడమే దండగ. తర్వాత కారులో సెన్సరు కనెక్టరు ఊడదీసి, తాళం తిప్పించి, టెస్టు లైటు ఆనించాను. వెలగలేదు. అనుకున్నట్టే ఫ్యూజు కాలిపోయి ఉంది. కొత్తది వేస్తే టెస్టు లైటు వెలిగింది. అప్పుడు మా మరిదిని వైర్ల కట్ట పొడుగునా మెల్లగా కదుపుతూ రమ్మన్నాను. ఇంజను వెనక ఒకచోట కదపగానే లైటు టప్పున ఆరింది. టార్చి వేసి తల దూర్చి చూస్తే, కట్టని పట్టి ఉంచే క్లిప్పు విరిగిపోయి, వైర్లు కిందికి జారి, పొగగొట్టం మీది రేకుకి ఆనుకుని ఉన్నాయి. ఒక వైరు తొడుగు మాడి రాగి బయటపడింది. బండి కుదుపులకి ఆ రాగి రేకుకి తగిలినప్పుడల్లా ఫ్యూజు కాలుతోంది. అంతే సంగతి.

దొరికినప్పుడు నాకు కలిగే సంతోషం ఎవరికి చెబితే అర్థమవుతుందో తెలీదు. ఒళ్ళంతా ఒక్కసారి తేలికవుతుంది. ఇంటిపనిలో అది ఎప్పుడూ రాదు, ఎందుకంటే అక్కడ పట్టుకోడానికి లోపమంటూ ఉండదు, పని తీరదు. మాడిన ముక్క కోసేసి కొత్త వైరు అతకమనీ, పైన వేడికి ఓర్చే తొడుగు వేయమనీ, కొత్త క్లిప్పుతో రేకుకి తగలకుండా ఎత్తి కట్టమనీ మరిదికి చెప్పాను. నేనే చేద్దామనుకున్నాను, నిజానికి. ఈలోగా పైనుంచి అత్తయ్య, మాత్రల వేళ దాటిపోతోందని కేక వేసింది. మాత్రలు ఆవిడ చేతికి అందేంత దూరంలోనే ఉంటాయి. నీళ్ళు కూడా. అందించే మనిషి లేకపోతే అవి పనిచేయవని ఆవిడ నమ్మకం.

సాయంత్రం డాక్టరమ్మ బండి కోసం వచ్చేసరికి నేను టీ కప్పులతో కిందకి దిగుతున్నాను.

"మొత్తానికి దొరికిందన్నమాట. ఎవరు పట్టుకున్నారు?" అని ఆవిడ అడిగింది.

"మా తమ్ముడండీ," అన్నాడు మా ఆయన, మరిది భుజం తడుతూ.

మరిది నావైపు ఒకసారి చూసి, కప్పు అందుకుని, తల వంచుకున్నాడు. డాక్టరమ్మ నావైపు తిరిగి, ఇంట్లోనే ఇలాంటి మెకానిక్కులు ఉండటం నా అదృష్టమంది. నేను నవ్వి, పంచదార సరిపోయిందా అని అడిగాను. అదే నా నోటి నుంచి వచ్చింది. ఎంతమంది రైతుల చేత, "డాక్టరు గారు రాలేదా అమ్మా?" అనిపించుకుని ఉంటుందో ఆవిడ. అయినా ట్రే పట్టుకున్న చేతుల్ని చూసి ఆవిడకీ ఏ అనుమానమూ రాలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆయన్ని అడిగాను, అలా ఎందుకు చెప్పారని. ఆడవాళ్ళు బాగుచేశారంటే జనం నమ్మరన్నాడు. ఆవిడా ఆడమనిషే కదా అన్నాను. అయితే అసలే నమ్మదన్నాడు. "మనలో మనకి పేరు ఎవరికొస్తే ఏంటి?" అని నా కంచంలోకి ఇంత కూర వడ్డించాడు కూడా. చిన్నాడి గురించి నాలుగు మంచి మాటలు అంటే నా సొమ్మేం పోయిందని అత్తయ్య అడిగింది. నేను జవాబు వెతుక్కుంటుండగానే అందరూ చేతులు కడుక్కున్నారు. మనలో మనకి. పేరు పంచేటప్పుడు నేను ఆ మనలో ఉంటాను, గిన్నెలు సర్దేటప్పుడు ఒక్కదాన్నే ఉంటాను. కంచాలు ఎత్తుతూ ఎత్తుతూ ఈ మాట అక్కడికక్కడే ఎందుకు తట్టలేదా అని నామీద నాకే విసుగొచ్చింది.

వారం రోజుల్లోనే ఆ బండి నాలుగోసారి వచ్చింది. డాక్టరమ్మ గొంతు పైకి వినిపించింది. మర్నాడే పొగ పరీక్ష అట, ఆవిడ అరవడం లేదు, మెల్లగా మాట్లాడుతోంది, అది ఇంకా భయంగా ఉంది. నేను తడిచేతులతోనే గబగబా దిగాను. అప్పుడు విన్నాను మా ఆయన మాట.

"అసలు మొన్న చూసింది మా ఆవిడండీ. ఆడవాళ్ళ పని కదా, ఎక్కడో ఏదో వదిలేసి ఉంటుంది."

షెడ్డు గుమ్మంలో ఆగిపోయాను. నాకు ముందు కోపం రాలేదు, నవ్వొచ్చింది. పదకొండేళ్ళుగా ఈ షెడ్డులో నేను చేసిన పనికి ఒక్క సాక్షీ లేదనుకున్నాను. ఇదిగో, ఆయన నోటితోనే ఒప్పుకున్నాడు. బాగైతే తమ్ముడు చేసినట్టు, చెడితే నేను చేసినట్టు. ఆ నవ్వు గొంతులోనే ఉండగా లోపలికి నడిచాను.

"అవునండీ, నేనే చూశాను," అన్నాను డాక్టరమ్మతో. "మొదటిసారి వచ్చినప్పుడు చూడనివ్వలేదు, రెండోసారీ చూడనివ్వలేదు. మూడోసారి లోపం పట్టుకున్నది నేనే. రండి, ఎక్కడుందో చూపిస్తాను."

బల్ల మీది టార్చి తీసుకున్నాను. మా ఆయన ఏదో సర్దిచెప్పబోయాడు. డాక్టరమ్మ ఆయన్ని దాటుకుని వచ్చి నా చేతిలోంచి టార్చి తీసుకుని, ఎక్కడ వెలుగు పట్టాలో చెప్పమంది. ఇంజను వెనక వైర్లు మళ్ళీ జారి ఉన్నాయి. మాడిన చోట ఎవరో మామూలు నల్లటేపు చుట్టారు. అది వేడికి కరిగి జిగురుగా కారిపోయింది. కొత్త వైరు లేదు, తొడుగు లేదు, క్లిప్పు లేదు. నేను మరిది వైపు చూశాను.

"నేనే వదినా," అన్నాడు, నేను అడక్కుండానే. "తొడుగు కోసం బజారుకి వెళ్ళాలంటే బద్ధకమేసింది."

ఆ మాట చెప్పినందుకు వాణ్ణి తిట్టబుద్ధి కాలేదు. బజారుకి పంపాను. ఈలోగా మాడిన ముక్క కోసి, కొత్త వైరు అతికి, అతుకు లాగి చూశాను. అప్పుడు డాక్టరమ్మ నెమ్మదిగా అడిగింది, మొన్ననే తనకెందుకు చెప్పలేదని.

"చెబితే ఇంట్లో ముఖాలు మాడిపోతాయండీ. ఆ మాడిన ముఖాలకి మళ్ళీ నేనే వండిపెట్టాలి," అన్నాను.

ఆవిడ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. టార్చి ఇంకాస్త దగ్గరగా పట్టుకుంది.

మరిది తెచ్చిన తొడుగు వేసి, క్లిప్పుతో వైర్ల కట్టని రేకుకి అందనంత ఎత్తున బిగించి, ఫ్యూజు మార్చి, వైర్లని గుంజి, కదిపి, ఇంజను నడిపి చూశాను. టెస్టు లైటు ఒక్కసారీ ఆరలేదు. స్కానరుతో పాత లోపం చెరిపేశాను. అయితే ఆ హీటరుని కారు కంప్యూటరు చల్లని ఇంజను మీదే పరీక్షించుకుంటుంది. బండి పూర్తిగా చల్లారాక స్టార్ట్ చేస్తే గానీ నమ్మకం లేదు. ఆ మాటే చెప్పాను. డాక్టరమ్మ ఆగుతానంది. మా ఆయన నా పక్కకి వచ్చి గొంతు తగ్గించి, "అది చల్లారేలోపు పైకెళ్ళి నీ పని చూసుకో, నేను పిలుస్తా," అన్నాడు.

"నా పని ఇదే," అన్నాను. గొంతు తగ్గించలేదు. "ఇక నుంచి ఈ షెడ్డులోకి వైర్ల పని ఏదొచ్చినా మొదటి నుంచి చివరిదాకా నేనే చేస్తాను. ఎవరు చేశారని అడిగితే నేనే అని చెప్పండి. పని మధ్యలో పైకి వెళ్ళను. అత్తయ్య మాత్రలూ, వంటా మీరిద్దరూ పంచుకోండి."

ఆయన నవ్వబోయాడు. డాక్టరమ్మ చూస్తోంది, మరిది చూస్తున్నాడు. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. ఇంతకాలం దానికి జడిసిన దాన్ని, అది అంత తేలిగ్గా ఆగిపోతుందని నాకు తెలీదు.

బండి చల్లారేదాకా స్టూలు మీదే కూర్చున్నాను. పైనుంచి అత్తయ్య రెండుసార్లు పిలిచింది. నా కాళ్ళు వాటంతటవే లేవబోయాయి, కష్టపడి ఆపాల్సి వచ్చింది. చివరికి మరిది వెళ్ళాడు. స్టార్ట్ చేశాక లైటు వెలిగి, ఆరి, మళ్ళీ రాలేదు. మర్నాడు పరీక్షలో బండి నెగ్గిందని డాక్టరమ్మ ఫోన్ చేసింది. ఆ ఫోన్ నాకు చేసింది.

ఇల్లు మరీ ఏం మారిపోలేదు. అత్తయ్య నాతో ముక్తసరిగా మాట్లాడుతోంది. మా ఆయన ఎవరైనా అడిగితే, "మా ఆవిడ చేసింది," అంటున్నాడు గానీ, ఆ మాట పంటికింద రాయిలా అంటాడు. ఇవాళ ఒక టాక్సీ డాష్‌బోర్డు విప్పి, దాని కింద వెల్లకిలా పడుకుని తెగిన వైరు వెతుకుతున్నాను. మీటరు ముల్లు ఇప్పుడో అప్పుడో కదిలేలా ఉంది. పైనుంచి మా ఆయన గొంతు వినిపించింది, ఉప్పు డబ్బా ఎక్కడుందని.

అల్మారా రెండో అరలో, కుడిచేతి వైపు, పప్పు డబ్బా వెనక. కళ్ళు మూసుకుని చెప్పగలను.

"వెతకండి," అన్నాను. "దొరుకుతుంది."